పెరటి పెట్ట ఉన్నట్టుండి పోతే: పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. పెరట్లో అయిదు నాటుకోళ్లను పెంచుకుంటున్నాను. వాటిలో ఎర్రటి డేగ పెట్ట ఒకటి నాలుగేళ్లుగా మా కాళ్ల మధ్య తిరుగుతూ పెరిగింది. నేను చాట చేతిలోకి తీసుకుంటే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది. కిందటి నెలలో ఒకనాడు సాయంత్రం దాకా బాగానే మేసింది. మరునాడు గూడు తలుపు తీస్తే మిగతావన్నీ దిగాయి గాని అది దిగలేదు. ఈకలు ఉబ్బించుకొని, కళ్లు మూసుకొని, తోక వాల్చి నిలబడి ఉంది. కిందికి దింపితే కాళ్లు ఎడం చేసి బాతులా రెండడుగులు వేసి ఆగిపోయింది. పక్కింటి వదిన గారు కొక్కెర తెగులని చెప్పి, వెల్లుల్లి, పసుపు నూరి నీళ్లలో కలిపి తాగించారు. ఆసుపత్రికి తీసుకువెళదామంటే మా అబ్బాయి, కోడిని ఆసుపత్రికి తీసుకువెళితే ఊరంతా నవ్వుతుందన్నాడు. పొద్దుగూకక ముందే అది పోయింది. అంతకుముందు కొన్ని వారాలుగా అప్పుడప్పుడు పెంకు లేని తోలుగుడ్లు పెడుతూ ఉండేది. దానిని కొబ్బరిచెట్టు మొదట్లో పాతిపెట్టాము. అది ఏ జబ్బు? ఆసుపత్రికి తీసుకువెళితే బతికేదా? మిగిలిన నాలుగూ ఇప్పటికైతే బాగానే ఉన్నాయి, వాటికేమైనా ప్రమాదమా? వాటి గుడ్లు తినవచ్చునా? సెలవులకు వచ్చే మా ఆరేళ్ల మనవరాలికి ఏమని చెప్పాలి? కోడి కోసం ఇంత బాధపడుతున్నానని మీరు నవ్వుకుంటారేమో.

జవాబు: టీచరు గారూ, మీ ఆఖరి మాటతోనే మొదలుపెడతాను. ఇందులో నవ్వుకోవలసినది ఏమీ లేదు. పాడిగేదె చనిపోతే ఊరివాళ్లు వచ్చి పలకరిస్తారు, ఎంత నష్టం వచ్చిందని అడుగుతారు. కోడి చనిపోతే ఆ ఇంటి ఆడవాళ్లకు తప్ప మరొకరికి పట్టదు, ఎందుకంటే పొద్దున్నే గూడు తీసేదీ, నూకలు చల్లేదీ, చీకటిపడే వేళకు లెక్కపెట్టి గూట్లో చేర్చేదీ వాళ్లే. నాలుగేళ్లు చేతి మేత తిన్న ప్రాణి ఒక్క పగటిలో పోతే మనసు కలత పడకుండా ఎలా ఉంటుంది? ఆసుపత్రి విషయంలో మాత్రం మీ అబ్బాయి గారికి నా మాటగా చెప్పండి: పశువైద్యశాల గొడ్లకూ గేదెలకూ మాత్రమే పెట్టినది కాదు. గంపలో కోడిని పెట్టుకొని వచ్చిన మనిషిని చూసి నవ్వే పశువైద్యుడు ఆ కొలువుకు తగడు.

ఇక జబ్బు సంగతి. శవపరీక్ష జరగలేదు కాబట్టి తీర్పు చెప్పినట్టు చెప్పకూడదు గాని, మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది కొక్కెర తెగులు కాదని నేను గట్టిగానే అనుకుంటున్నాను. కొక్కెర తెగులు వచ్చిన కోడి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తుంది, ఆకుపచ్చగా, తెల్లగా పల్చటి రెట్ట వేస్తుంది, రెక్కలు వేలాడేస్తుంది, కొన్నిటికి మెడ మెలితిరిగిపోతుంది. ఇవేవీ మీరు చెప్పలేదు. అంతకన్నా పెద్ద సాక్ష్యం మీ మిగతా నాలుగు కోళ్లే. కొక్కెర తెగులు తెచ్చే వైరస్ ఒంట్లో ప్రవేశించిన తరువాత మామూలుగా రెండు రోజుల నుంచి పదిహేను రోజుల లోపల బయటపడుతుంది. టీకా లేని కోళ్లు ఒకే గూట్లో పడుకుంటూ ఉండగా ఒక్కదానిని తీసుకుపోయి మిగతా నాలుగింటినీ నెల రోజుల పాటు ముట్టకుండా ఉండటం దాని స్వభావం కాదు.

తోలుగుడ్లు, వాలిన తోక, ఎడం చేసి వేసిన అడుగులు, ఈ మూడూ కలిపి చూస్తే నా అనుమానం గుడ్డు తయారయ్యే మార్గం మీదికి పోతున్నది. పచ్చసొన అండాశయం నుంచి విడివడి, అండనాళంలోకి జారి, తెల్లసొననూ పొరలనూ పెంకునూ చేర్చుకొని బయటకు రావడానికి సుమారు 25 గంటలు పడుతుంది. అందులో పెంకు కట్టడానికే దాదాపు 20 గంటలు. ఆ పెంకులో నూటికి తొంభై పాళ్లకు మించి సున్నమే, అంటే కాల్షియం పదార్థమే. మేతలో సున్నం చాలకపోతే కోడి తన ఎముకలలోంచి తీసి పెంకు కడుతుంది, అదీ తరిగిపోయినప్పుడు తోలుగుడ్డు పెడుతుంది. గుడ్డును బయటకు నెట్టవలసిన కండరాలు ముడుచుకోవడానికి కూడా సున్నమే కావాలి. అందువల్ల తోలుగుడ్లు పెడుతున్న, వయసు పైబడిన పెట్టలో గుడ్డు మధ్యలో ఇరుక్కుపోయే ప్రమాదం ఎక్కువ. రెండో అవకాశం ఏమిటంటే, పచ్చసొన అండనాళంలోకి పోకుండా పొట్టలోకి జారిపడుతుంది; అక్కడ సూక్ష్మక్రిములు చేరి కుళ్లు పుడుతుంది, పొట్ట నీటితో నిండి బరువెక్కుతుంది. కోడి అడుగులు ఎడంగా వేయడానికి ఈ రెండింటిలో ఏదైనా కారణం కావచ్చు.

ఈ రెండింటినీ కొంతవరకు చేతితో తేల్చుకోవచ్చు, ముందుముందు మీకు పనికొస్తుంది కాబట్టి చెబుతున్నాను. పెట్టను మీ చంకలో ఇముడ్చుకొని, తల వెనక్కి, తోక ముందుకు ఉండేలా పట్టుకోండి. గుదం కింద రెండు పక్కలా సన్నటి ఎముకల కొనలు వేళ్లకు తగులుతాయి. వాటి మధ్య నుంచి రొమ్ము ఎముక దాకా ఉన్న మెత్తటి భాగం మీద అరచేతిని నొక్కకుండా ఆనించి చూస్తే, ఇరుక్కున్న గుడ్డు గట్టిగా గుండ్రంగా తెలుస్తుంది. పచ్చసొన పొట్టలో పడి కుళ్లితే ఆ భాగమంతా ఉబ్బి, వేడిగా, లోపల నీళ్లు కదులుతున్నట్టు ఉంటుంది. గుడ్డే అయితే, గోరువెచ్చని నీళ్లు పోసిన బేసిన్‌లో పొట్ట మునిగే దాకా పావుగంట, ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, తుడిచి, గుదం అంచుకు కొంచెం నూనె రాసి, చీకటిగా, వెచ్చగా, సందడి లేని చోట వదిలితే చాలా పెట్టలు తమంతట తామే గుడ్డు పెట్టేస్తాయి. బయటి నుంచి నొక్కి గుడ్డును పగలగొట్టే పని మాత్రం ఎన్నడూ చేయకండి. పెంకు ముక్కలు లోపల కోసేస్తాయి. ఒక పూటలో ఫలితం లేకపోతే పశువైద్యశాలకు తీసుకువెళ్లాలి, లేదా 1962 నంబరుకు ఫోన్ చేయాలి. సంచార పశువైద్య వాహనం కోసం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఇదే నంబరు.

ఆసుపత్రికి తీసుకువెళితే బతికేదా అని అడిగారు. గుడ్డు ఇరుక్కున్న మాటే నిజమైతే బతికే అవకాశం కొంత ఉండేది. పొట్టలో కుళ్లు పట్టి ఉంటే, అది నిలబడి కళ్లు మూసుకునే స్థితికి వచ్చిన తరువాత ఎవరూ చేయగలిగినది పెద్దగా లేదు. కోళ్ల విషయంలో హఠాత్తుగా అనే మాట చాలాసార్లు మన కంటికి సంబంధించినదే. గుంపులో నీరసించిన కోడిని తోటి కోళ్లే పొడుస్తాయి, పైనుంచి గద్ద చూస్తూ ఉంటుంది. అందుకని పక్షి తన జబ్బును కడదాకా దాచుకుంటుంది. మేత చల్లినప్పుడు అన్నిటితో పాటు ముక్కు నేలకు తగిలిస్తుంది గాని మింగదు. ముందురోజు సాయంత్రం దాకా బాగానే మేసిందని మీరు చూసినది బహుశా అదే కావచ్చు. దీనికి మీరు నేర్చుకోదగిన అలవాటు ఒకటుంది. రాత్రి గూట్లో చేర్చేటప్పుడు ఒక్కొక్క కోడి మెడ కింద మేత నిలిచే సంచిని వేళ్లతో తడమండి. కడుపునిండా తిన్న కోడికి అది నిండుగా, గింజలు తెలిసేలా ఉంటుంది, తెల్లవారేసరికి ఖాళీ అవుతుంది. రాత్రి ఖాళీగా ఉన్నా, పొద్దున నిండుగా ఉన్నా ఆ కోడిని విడిగా పెట్టి గమనించాలి. దీనికి పట్టే సమయం గూడు తలుపు గొళ్లెం పెట్టేంత మాత్రమే.

మీ వదిన గారి వెల్లుల్లి, పసుపు దానిని చంపలేదు, బతికించగలిగేవీ కావు. ఒక్క జాగ్రత్త: నీరసంగా ఉన్న కోడికి నోరు తెరిచి నీళ్లమందు గుమ్మరించకూడదు. శ్వాసనాళపు రంధ్రం నాలుక మొదట్లోనే ఉంటుంది, మందు అందులోకి పోతే ఊపిరాడక పోతుంది. ముక్కు అంచున చుక్క చుక్కగా వదిలితే అదే మింగుతుంది.

మిగిలిన నాలుగింటికీ అంటుకునే జబ్బు ఇందులో కనిపించడం లేదు. వాటి గుడ్లు బాగా ఉడికించుకొని నిశ్చింతగా తినండి. నూకలు, తవుడు మాత్రమే తినే పెట్టలకు సున్నం చాలదు కాబట్టి ఆల్చిప్పల పొడిని గాని, మీరు వాడిన గుడ్ల పెంకులనే పెనం మీద వేయించి నలిపిన పొడిని గాని ఒక మూకుడులో విడిగా పెట్టండి. మేతలో కలపనవసరం లేదు. గుడ్డు పెట్టే పెట్ట తనకు కావలసినంత తనే ఏరుకొని తింటుంది.

మనవరాలికి నిజమే చెప్పండి. చుట్టాలింటికి పంపామనో, ఎవరికో ఇచ్చేశామనో చెబితే పిల్ల ఆ ఇంటికి తీసుకెళ్లమంటుంది. నిద్రపోయిందని చెబితే రాత్రి తను పడుకోవడానికే భయపడుతుంది. కడుపులో గుడ్డు అడ్డం పడి జబ్బు చేసింది, చచ్చిపోయింది, ఇక్కడ పాతిపెట్టాము అని చెప్పి ఆ చోటు చూపించండి. అదే రంగు పెట్టను ఇంకోదాన్ని కొని తెచ్చి ఇదే అదని నమ్మించే ప్రయత్నం చేయకండి. పిల్లలు కాళ్ల గోళ్లను బట్టి కూడా కోడిని గుర్తుపడతారు. ఆదివారం కూరలోకి వచ్చే కోడికీ మన కోడికీ తేడా ఏమిటని ఆరేళ్ల పిల్ల అడగవచ్చు. అడిగితే, కొన్నిటిని మనం తిండికోసం పెంచుతాము, దీనిని మాత్రం తోడుగా పెంచుకున్నాము అని ఉన్నదున్నట్టు చెప్పడమే మేలు. ఆ జవాబు పిల్లకు నచ్చకపోవచ్చు, నచ్చి తీరవలసిన పని కూడా లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, మేము హైదరాబాద్ శివార్లలో ఉంటున్నాము. మేడ పక్కన ఖాళీ స్థలంలో వనరాజ రకం పెట్టలను రెండింటిని పెంచుకున్నాము. అందులో ఒకటి ఉన్నట్టుండి చనిపోయింది. రెండోది ఆనాటి నుంచి మేత తగ్గించి, గోడ వెంట తిరుగుతూ అరుస్తోంది. కోళ్లకు బెంగ ఉంటుందా? దానికి తోడుగా వెంటనే ఇంకొక పెట్టను తేవచ్చునా?

జవాబు: బెంగ అనే మాటను కోడికి వాడడానికి శాస్త్రజ్ఞులు వెనకాడతారు గాని, తోటి కోళ్ల మీద దానికి గమనిక ఉంటుందనడంలో సందేహం లేదు. గుంపులో ఎవరు ఎవరిని పొడవవచ్చు, ఎవరు ఎవరికి దారి ఇవ్వాలి అనే వరుస ఒకటి ఉంటుందని నార్వే శాస్త్రజ్ఞుడు షెల్డెరప్-ఎబ్బె 1921లోనే రాశాడు. ప్రతి కోడీ తోటి కోళ్లను ముఖం చూసి గుర్తుపెట్టుకుంటేనే ఆ వరుస నిలుస్తుంది. 2011లో ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వారు కోడిపిల్లల మీదికి మెల్లగా గాలి ఊది, వాటి తల్లులను పరిశీలించారు. తమకు ఏ ఇబ్బందీ కలగకపోయినా తల్లికోళ్ల గుండె వేగం పెరిగింది, పిల్లలను పిలిచే అరుపులు ఎక్కువయ్యాయి. కాబట్టి మీ పెట్ట తోడు కోసం వెతుకుతున్నదనుకోవడం తప్పు కాదు. గుంపులో బతికే పక్షి ఒంటరిగా మిగిలితే అరవడం, గోడ వెంట తిరగడం మామూలే.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. మేత తగ్గించడం బెంగ వల్ల కావచ్చు, మొదటి దానిని తీసుకుపోయిన జబ్బు దీనికీ సోకినందువల్లా కావచ్చు. పొద్దున గూట్లో రెట్ట చూడండి. గోధుమ, ఆకుపచ్చ కలిసిన ముద్ద మీద తెల్లటి టోపీ ఉంటే మంచిదే. రోజులో కొన్నిసార్లు ముదురు రంగులో, మెత్తగా, ఘాటు వాసనతో వచ్చే రెట్ట కూడా సహజమే, దానికి భయపడనవసరం లేదు. నీళ్ల విరేచనం, నెత్తురు జీర, ఆకుపచ్చటి పల్చటి రెట్ట, తల మీది ఎర్ర జుట్టు రంగు తగ్గడం లేదా నల్లబడటం, వీటిలో ఏది కనిపించినా డాక్టరుకు చూపించండి. మనిషికి వాడే థర్మామీటరు పెట్టి జ్వరమని కంగారుపడేవారు కొందరుంటారు. ఆరోగ్యంగా ఉన్న కోడి ఒంటి వేడే 41, 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది.

కొత్త పెట్టను వెంటనే తేవద్దు. చనిపోయిన దానికి కారణం తెలియనప్పుడు కనీసం మూడు నాలుగు వారాలు ఆగి, గూటిని గీకి, కడిగి, సున్నం కొట్టి, ఎండనివ్వండి. మిగిలిన పెట్ట ఈ వ్యవధిలో ఆరోగ్యంగా ఉంటేనే తోడు తెండి. అప్పుడైనా ఒకటి కాక రెండు తెస్తే నయం. కొత్తగా వచ్చిన ఒంటరి కోడిని పాతది రోజంతా వెంటపడి పొడుస్తుంది, రెండైతే ఆ పోట్లు పంచుకుంటాయి. తెచ్చిన వాటిని రెండు మూడు వారాలు వేరే చోట ఉంచి, తరువాత వలకు ఇటొకటి అటొకటిగా పరిచయం చేసి, ఆపైన చీకటి వేళ ఒకే గూట్లో చేర్చండి. వనరాజ పిల్లలు కావాలంటే మీకు దూరం పోనక్కరలేదు, ఆ రకాన్ని తయారుచేసిన కోళ్ల పరిశోధన సంస్థ మీ రాజేంద్రనగర్‌లోనే ఉంది.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లాలో ఒక ఊరు. మా వాడకట్టులో వారం రోజులుగా ఇంటికి రెండు మూడు కోళ్లు పోతున్నాయి. గత్తర వచ్చిందంటున్నారు. కొందరు తూగుతున్న కోళ్లను కోసుకొని తింటున్నారు, కొందరు బతికి ఉన్నవాటిని అంగడికి తీసుకుపోయి అమ్ముతున్నారు. మా ఇంట్లో మూడు పోగా నాలుగు మిగిలాయి. ఏం చేయాలి?

జవాబు: ముందుగా ఊరి పశువైద్యాధికారికి ఈ రోజే చెప్పండి. ఒక ఇంట్లో ఒక కోడి పోవడం వేరు, వాడంతా పోవడం వేరు. మన ఊళ్లలో గత్తర అని పిలిచేది చాలాసార్లు కొక్కెర తెగులే. పుస్తకాలలో దానికి రాణిఖేత్ జబ్బని పేరు. హిమాలయాల్లోని కుమావూఁ కొండల్లో ఉన్న రాణిఖేత్ అనే ఊళ్లో 1920ల చివర దానిని గుర్తించినందున ఆ పేరు వచ్చింది. టీకా లేని కోళ్లలో పడితే గూళ్లకు గూళ్లు ఖాళీ చేస్తుంది, దానికి మందు లేదు. అయితే ఇదే తీరున కోళ్లను చంపేది బర్డ్‌ఫ్లూ కూడా కావచ్చు, రెండింటినీ కంటితో చూసి విడదీయడం డాక్టరుకు కూడా సాధ్యం కాదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లు గుట్టలుగా చనిపోయినప్పుడు, కారణం బర్డ్‌ఫ్లూ అని భోపాల్‌లోని ప్రయోగశాలకు నమూనాలు పంపిన తరువాతే తేలింది. ఆ మరుసటి నెలలో పల్నాడు జిల్లాలో రెండేళ్ల పాప అదే వైరస్‌తో చనిపోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని ఆ ఇంటివాళ్లు చెప్పారు.

అందువల్ల తూగుతున్న కోడిని కోయడం, చచ్చిన కోడిని వండటం వెంటనే ఆపాలి. ఉడికిస్తే క్రిమి చస్తుంది కదా అని వాదించేవారుంటారు. ఉడికిన కూరతో ప్రమాదం తక్కువన్నది నిజమే గాని, కోసేటప్పుడు, ఈకలు పీకేటప్పుడు, పేగులు తీసేటప్పుడు చేతులకూ ముఖానికీ అంటేది ఉడికినది కాదు. అంగడికి తీసుకుపోవడం ఇంకా చెడ్డపని. ఒక ఊరి జబ్బు పది ఊళ్లకు పాకేది ఎక్కువగా ఆ గంపలలోనే. నష్టాన్ని కొంతైనా రాబట్టుకోవాలన్న ఆరాటం నాకు అర్థమవుతుంది, కానీ కొన్నవాడి ఇంట్లోనూ కోళ్లుంటాయి.

చనిపోయిన వాటిలో తాజాగా పోయిన ఒకదానిని చేతికి కవరు తొడుక్కొని తీసి, రెండు ప్లాస్టిక్ సంచులలో ఒకదానిలో ఒకటి పెట్టి కట్టి, ఐసు మీద ఉంచి డాక్టరుకు అప్పగించండి. గడ్డకట్టించకూడదు, గడ్డకట్టిన కళేబరంలో అవయవాల పరీక్ష సరిగా సాగదు. మిగతావాటిని చెరువులోనో కాలువలోనో పారేయకుండా, బావికి దూరంగా, కుక్కలు తవ్వలేనంత లోతున, కనీసం మూడడుగుల గుంటలో సున్నం చల్లి పూడ్చండి. మిగిలిన నాలుగింటినీ బయటికి వదలకండి. పక్కింటి కోళ్ల దగ్గర తిరిగిన చెప్పులతో మీ గూటి దగ్గరికి పోకండి.

ఇప్పుడు కొక్కెర తెగులు టీకా వేయించవచ్చునా అన్నది మీ తరువాతి ప్రశ్న అవుతుంది. జబ్బు లోపల ప్రవేశించిన కోడికి టీకా పనిచేయదు, పరీక్ష ఫలితం రాకముందు ఇల్లిల్లూ తిరిగి టీకా వేస్తే వేసే మనిషే జబ్బును మోసుకుపోయే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పే దాకా ఆగండి. ఆ తరువాత పెంచే పిల్లలకు మాత్రం వరుస తప్పించకండి: మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, నాలుగైదు వారాలకు మరొకసారి చుక్క, ఎనిమిది వారాలకు రెక్క కింద చర్మంలో ఆర్‌టూబీ అనే టీకా సూది, ఆపైన ఆరు నెలలకొకసారి అదే సూది. పెరటి కోళ్ల వాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. టీకా సీసాలో వందో రెండు వందలో కోళ్లకు సరిపడా ఉంటుంది, కలిపిన తరువాత ఐసు మీద పెట్టుకొని గంట రెండు గంటల్లో వాడేయాలి. నాలుగు కోళ్ల కోసం ఎవరూ సీసా విప్పరు. వాడకట్టు వాళ్లంతా కలిసి కోళ్ల లెక్క రాసి డాక్టరుకు ఇస్తే ఒక్క సీసాతో అందరివీ పూర్తవుతాయి. వారం ముందు నులిపురుగుల మందు తాగించండి. టీకా రోజున ఎవరూ తెల్లవారుజామున గూళ్లు తెరవకుండా ముందే చెప్పుకోండి, ఒకసారి బయటపడ్డ నాటుకోడిని సూదికి పట్టుకోవడం ఎవరి వల్లా కాదు.